మాంట్రియల్ జట్టు షేన్ రైట్‌ను కాదని స్లఫ్‌కోవ్‌స్కీని ఎంచుకోవడం తప్పా?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనంతవరకు నా మాటల్లో చెబుతాను. 2022 జూలై 7న జరిగిన ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికాలోని ప్రధాన ఐస్ హాకీ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే కొత్త కుర్రాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, మొదటి ఎంపిక హక్కు మాంట్రియల్ కెనేడియన్స్ జట్టుకు దక్కింది. ఆ స్థానం కెనడా కుర్రాడు షేన్ రైట్‌దేనని రెండేళ్లుగా అందరూ అనుకుంటూ వచ్చారు. జట్టు మాత్రం స్లొవేకియా కుర్రాడు యురాయ్ స్లఫ్‌కోవ్‌స్కీని ఎంచుకుంది. మీ మిత్రులలో ఒకరు రైట్‌ను తీసుకోవలసింది అంటున్నారు, ఇంకొకరు అదే డ్రాఫ్ట్‌లోని అమెరికా కుర్రాడు లోగన్ కూలీని తీసుకోవలసింది అంటున్నారు. మీకేమో ఎంపిక సరైనదే అనిపిస్తోంది కానీ, ఎందుకో నిలబెట్టి చెప్పలేకపోతున్నారు.

నేను ఒంటారియోకు వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. మా అబ్బాయి రింక్‌లో (ఆట జరిగే మంచు మైదానంలో) అడుగుపెట్టిన నాటి నుంచి పదేళ్లపాటు స్థానిక బాలుర జట్లకు సహాయ కోచ్‌గా పనిచేశాను, చలికాలం వారాంతాల్లో జూనియర్ లీగ్ ఆటలు చూడడానికి ఊళ్లు తిరిగాను, కింగ్‌స్టన్‌లో రైట్ ఆటను స్టాండ్స్‌లో కూర్చుని చూశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను: ఆ రోజు చేసిన ఎంపిక తప్పు కాదు. తప్పు జరిగింది ఆ తర్వాత అక్టోబరులో. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లే ఈ వాదన ఇన్నేళ్లుగా ఒక కొలిక్కి రావడం లేదు.

ఈ ఆటకు కొత్తవారి కోసం ఒక్క మాట. డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిది కాదు. ఇక్కడ డబ్బుతో ఎవరినీ పాడుకోరు. పద్దెనిమిదేళ్లు నిండిన, లేదా ఆ సెప్టెంబరు 15లోపు నిండబోయే కుర్రాళ్లను జట్లు వరుసక్రమంలో ఒక్కొక్కరిగా ఎంచుకుంటాయి, మొత్తం ఏడు రౌండ్లు ఉంటాయి. గత సీజన్‌లో బాగా వెనుకబడిన జట్లకు లాటరీ ద్వారా ముందు వరుస దక్కుతుంది. 2021-22లో మాంట్రియల్ 55 పాయింట్లతో లీగ్‌లో చిట్టచివర నిలిచి, ఆ లాటరీ కూడా గెలిచింది. పైగా ఆ ఏడాది డ్రాఫ్ట్ వేదిక వారి సొంత ఇల్లు, బెల్ సెంటర్. ఆ జట్టుకు మొదటి ఎంపిక రావడం 1980 తర్వాత అదే మొదటిసారి. స్లఫ్‌కోవ్‌స్కీ పేరు చదివినప్పుడు ఆ హాలంతా ఉలిక్కిపడడంలో వింతేమీ లేదు, ఎందుకంటే అక్కడికి వచ్చినవారిలో చాలామంది రైట్ పేరు వినడానికే వచ్చారు.

రైట్ గురించి న్యాయంగా మాట్లాడదాం. కెనడా జూనియర్ లీగ్‌లలో ఒకటైన ఒంటారియో హాకీ లీగ్‌లోకి మామూలుగా పదహారేళ్లకు వస్తారు. అసాధారణ ప్రతిభ ఉన్నవారికి ఒక ఏడాది ముందే అనుమతి ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది, 2019లో రైట్‌కు ఆ హోదా దక్కింది. పదిహేనేళ్ల వయసులో కింగ్‌స్టన్ ఫ్రంటెనాక్స్ తరఫున 58 ఆటల్లో 39 గోల్స్, మొత్తం 66 పాయింట్లు (గోల్‌కు ఒకటి, గోల్‌కు దారితీసిన పాస్, అంటే అసిస్టుకు ఒకటి) సాధించాడు. అదే హోదాతో వచ్చిన జాన్ టావరెస్, ఆరన్ ఎక్‌బ్లాడ్, కానర్ మెక్‌డేవిడ్ ముగ్గురూ తమ తమ డ్రాఫ్టుల్లో మొదటి ఎంపికలయ్యారు కాబట్టి, రైట్ విషయంలోనూ జనం అదే జరుగుతుందని రాసిపెట్టుకున్నారు. అయితే అదే హోదా పొందిన షాన్ డే 2016లో 81వ స్థానంలోనూ, జో వెలెనో 2018లో 30వ స్థానంలోనూ ఎంపికైన సంగతి ఈ వాదనల్లో ఎవరూ ఎత్తరు. ఆ హోదా పదిహేనేళ్ల పిల్లవాడి గురించి ఆనాడు ఇచ్చిన తీర్పు. పద్దెనిమిదేళ్లకు దాన్ని మళ్లీ పరీక్షించవలసిందే.

ఆ పరీక్ష జరగవలసిన ఏడాదే రైట్ చేతికి అందలేదు. కోవిడ్ కారణంగా 2020-21 ఒంటారియో సీజన్ మొదలు కాకుండానే రద్దయింది. పదహారు, పదిహేడేళ్ల మధ్య కుర్రాడి ఆట ఎంత మారుతుందో దగ్గరగా చూసినవాడిగా చెబుతున్నాను, అది చిన్న నష్టం కాదు. 2021 వసంతంలో టెక్సస్‌లో జరిగిన అండర్-18 ప్రపంచ పోటీల్లో కెనడాకు కెప్టెన్‌గా బంగారు పతకం గెలిపిస్తూ, ఐదు ఆటల్లో 14 పాయింట్లు చేసి తన స్థాయి చూపించాడు. తర్వాతి సీజన్‌లో 63 ఆటల్లో 94 పాయింట్లు చేశాడు. ఇవి మంచి అంకెలే, అయితే మొదటి స్థానానికి పోటీ లేదనిపించే అంకెలు కావు. నేను చూసిన రైట్ తెలివైన సెంటర్, అంటే ముందువరుసలో మధ్యన ఆడేవాడు: పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) తన దగ్గరకు రాకముందే భుజం మీదుగా వెనక్కి ఓ చూపు చూసుకుని, అది స్టిక్‌కు తగిలేసరికే ఎక్కడికి పంపాలో నిర్ణయించుకుని ఉంటాడు. షాట్ విడిచే వేగం కూడా గొప్పది. ఆటలో లోపం వెతికి పట్టుకోవడం కష్టం, కానీ పక్కన మంచి ఆటగాళ్లు లేకపోయినా ఒంటరిగా ఆటను లాగి తెచ్చే శక్తి ఆ ఏడాది నాకు అంతగా కనిపించలేదు. జట్ల కోసం ప్రతిభను వెతికే స్కౌట్‌ల సందేహం కూడా అదే అయివుంటుందని నా అభిప్రాయం.

ఇక స్లఫ్‌కోవ్‌స్కీ. ఫిన్లాండ్ అగ్రశ్రేణి లీగ్‌లో టీపీఎస్ జట్టుకు 31 ఆటల్లో ఐదు గోల్స్, ఐదు అసిస్టులు, అంటే పది పాయింట్లు మాత్రమే చేశాడు. మీ మిత్రుడు ఎత్తిచూపుతున్నది ఈ అంకెనే: 94 చేసినవాణ్ని వదిలి పది చేసినవాణ్ని తీసుకుంటారా అని. ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టకూడదు. రైట్ ఆడింది ఇరవై, ఇరవైఒక్క ఏళ్లలోపు కుర్రాళ్లతో. స్లఫ్‌కోవ్‌స్కీ ఆడింది ముప్పై ఏళ్లు పైబడి, హాకీనే జీవనోపాధిగా బతుకుతున్న మగవాళ్లతో. అక్కడ పదిహేడేళ్ల కుర్రాడికి ఆటలో దక్కే నిమిషాలు తక్కువ, పవర్ ప్లేలో (శిక్షపడి ప్రత్యర్థికి ఒక ఆటగాడు తక్కువైన సమయంలో) ముందు నిలబడే అవకాశం ఇంకా తక్కువ.

2022 ఫిబ్రవరి బీజింగ్ ఒలింపిక్స్‌తో చిత్రం మారింది. ఏడు ఆటల్లో ఏడు గోల్స్ చేసి, పదిహేడేళ్లకే ఆ పోటీల అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు. కాంస్యం కోసం స్వీడన్‌తో జరిగిన ఆటలో స్లొవేకియా 4-0తో గెలిస్తే, అందులో రెండు గోల్స్ అతడివే. ఆ దేశానికి ఒలింపిక్ హాకీలో అదే తొలి పతకం. ఆ పోటీలకు ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు రాలేదు కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకూడదని కొందరు అంటారు. ఆ అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. అయితే బీజింగ్‌లో ఆడింది యూరప్‌లో వాడే వెడల్పాటి రింక్ మీద కాదు, ఉత్తర అమెరికా కొలతల ఇరుకు రింక్ మీద. ఇంత భారీ శరీరం గలవాడు ఇరుకులో, పక్ చేతికొచ్చిన క్షణంలోనే మీద పడే ప్రత్యర్థుల మధ్య ఆడగలడా అన్నదే అతడి మీద ఉన్న పెద్ద అనుమానం. దానికి అక్కడ ఒక సమాధానం దొరికింది. మే నెలలో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, ఈసారి ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు కూడా బరిలో ఉండగా, ఎనిమిది ఆటల్లో తొమ్మిది పాయింట్లు చేసి రెండో సమాధానం ఇచ్చాడు. మూడు నెలల వ్యవధిలో రెండు పెద్దల పోటీల్లో ఇలా ఆడినవాణ్ని కేవలం లీగ్ అంకెలతో కొలవడం నా దృష్టిలో సరికాదు.

శరీరం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ అపార్థం ఇక్కడే ఉంది. ఆరడుగుల మూడంగుళాలకు పైన ఎత్తు, నూరు కిలోలు దాటిన బరువు చూసి మాంట్రియల్ మోజుపడిందని చాలామంది రాశారు. మా పన్నెండేళ్ల బాలుర జట్టులో ఒక అబ్బాయి ఉండేవాడు. తోటివారికంటే రెండేళ్లు ముందే ఎదిగాడు, పక్ పట్టుకుని నేరుగా దూసుకుపోతే ఆపేవాడు లేడు. పదిహేనేళ్లకు మిగతావాళ్లు ఎత్తులో అతణ్ని అందుకునేసరికి, ఒక మలుపు తిప్పడం గానీ, పక్కవాడికి సమయానికి పాస్ ఇవ్వడం గానీ అతడు నేర్చుకోలేదని బయటపడింది. అతడికి అది ముందే నేర్పనందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. శరీరం మీద ఆధారపడి గెలిచే కుర్రాడిని చూస్తే అనుమానించాలన్నది నిజమే. స్లఫ్‌కోవ్‌స్కీ విషయం వేరు. అతడు పూర్తిగా ఎదిగిన పురుషుల మధ్య ఆడాడు, అక్కడ బరువు వల్ల వచ్చే మేలు చాలా కొంచెం. అయినా పక్ కాపాడుకున్నాడంటే అది నేర్పు. బోర్డుల (రింక్ చుట్టూ ఉండే గోడల) పక్కన అతణ్ని గమనించండి: ప్రత్యర్థి వీపు మీద పడగానే మోకాళ్లు వంచి, పాదాలు ఎడంగా పెట్టి, నడుమును వెనక్కి నెట్టి, పక్‌ను అవతలివాడి స్టిక్ అందని వైపు పెట్టుకుంటాడు. రెండు క్షణాలు అలా ఆగుతాడు. ఆ రెండు క్షణాల్లో రెండో ప్రత్యర్థి కూడా ఇటు లాగబడతాడు, గోల్ ముందు తన జట్టు ఆటగాడికి ఖాళీ దొరుకుతుంది. అంకెల పట్టికలో ఈ పనికి గడి లేదు.

మాంట్రియల్ నిర్ణయంలో నాకు నిజంగా బలహీనంగా కనిపించేది స్థానం విషయం. సెంటర్ ఫేస్ఆఫ్ తీసుకుంటాడు (ఆట మొదలయ్యేటప్పుడు పక్ కోసం ప్రత్యర్థితో పోటీపడతాడు), సొంత గోల్ ముందు దాకా దిగివచ్చి కాపలా కాస్తాడు, రింక్ రెండు చివర్లా పక్ అతడి గుండానే పోతుంది. అందుకే సమాన ప్రతిభ ఉన్నప్పుడు పక్కల్లో ఆడే వింగర్‌కంటే సెంటర్‌కే విలువ ఎక్కువ కడతారు. రైట్, లోగన్ కూలీ ఇద్దరూ సెంటర్లు, స్లఫ్‌కోవ్‌స్కీ వింగర్. ఆనాటికి మాంట్రియల్‌కు నిక్ సుజుకి తర్వాత చెప్పుకోదగ్గ యువ సెంటర్ లేడు. ఇది జనరల్ మేనేజర్ కెంట్ హ్యూస్‌కు, ఆయన పైన ఉన్న జెఫ్ గోర్టన్‌కు తెలియకపోలేదు. ఆ రాత్రే డిఫెన్స్ ఆటగాడు అలెగ్జాండర్ రొమానోవ్‌ను న్యూయార్క్ ఐలాండర్స్‌కు పంపి 13వ ఎంపిక తీసుకున్నారు, దాన్ని షికాగోకు ఇచ్చి, 2019లో మూడో స్థానంలో ఎంపికైన సెంటర్ కర్బీ డాక్‌ను తెచ్చుకున్నారు. అంటే వారి ఆలోచనలో ఎంపిక ఒక్కటి కాదు, రెండు పనులు జోడుగా ఉన్నాయి: ఉత్తమ ఆటగాడు అనుకున్నవాణ్ని డ్రాఫ్ట్‌లో తీసుకోవడం, లోటుగా ఉన్న స్థానాన్ని మార్పిడితో నింపడం. రెండో పని మాత్రం నిలబడలేదు. డాక్ 2023 అక్టోబరులో సీజన్ రెండో ఆటలోనే మోకాలు దెబ్బతిని ఆ ఏడాదంతా కోల్పోయాడు, 2025లో మళ్లీ మోకాలి గాయమే అయింది. గాయాలను ఎవరూ ముందుగా చూడలేరు కానీ, మీ మిత్రులు సెంటర్ లోటు గురించి మాట్లాడితే అది ఉత్త మాటని కొట్టిపారేయకండి.

మాంట్రియల్ పాత అభిమానులు 1980ని గుర్తుచేస్తారు, దాన్ని చాలామంది తలకిందులుగా చెబుతారు. ఆ ఏడాది మొదటి ఎంపికగా రెజైనాకు చెందిన పెద్ద సెంటర్ డగ్ విక్కెన్‌హైజర్‌ను తీసుకుని, తమ నగరంలోనే పెరిగిన డెనీ సవార్‌ను వదిలేశారు. మూడో స్థానంలో షికాగో పట్టుకున్న సవార్ 1,338 పాయింట్లు చేసి హాల్ ఆఫ్ ఫేమ్‌కు చేరాడు. విక్కెన్‌హైజర్ 556 ఆటల్లో 111 గోల్స్‌తో ముగించాడు. కాబట్టి భారీ ఆటగాడిని నమ్మకూడదన్నది ఆ అనుభవం చెప్పే పాఠమని అంటారు. కానీ 1980లో విక్కెన్‌హైజర్ అనూహ్యమైన ఎంపిక ఏమీ కాదు. జూనియర్ స్థాయిలో 89 గోల్స్ కొట్టి, ఆ ఏడాది కెనడా జూనియర్ హాకీ అంతటికీ ఉత్తమ ఆటగాడిగా పురస్కారం పొందినవాడు. మాంట్రియల్ ఆనాడు చేసింది పేరుప్రతిష్ఠలు గట్టిగా ఉన్నవాణ్ని తీసుకోవడం. 2022లో అలాంటి స్థితిలో ఉన్నది రైట్. ఆ లెక్కన 1980 చరిత్ర రైట్ పక్షాన సాక్ష్యం చెప్పదు. నిజానికి ఒక్క ఉదాహరణ ఏ పక్షానికీ సాక్ష్యం కాదు. విక్కెన్‌హైజర్ మంచి ఆటగాడే, అతణ్ని ఎప్పుడూ సవార్‌తో పోల్చి నలభై ఏళ్లపాటు తక్కువచేసి మాట్లాడడం అన్యాయం. అదే అన్యాయం ఇప్పుడు ఇంకో కుర్రాడికి జరగకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

లోగన్ కూలీ గురించి మీ రెండో మిత్రుడి వాదనే నాకు అన్నిటికంటే బలమైనదిగా తోస్తుంది. మూడో స్థానంలో అరిజోనా ఎంచుకున్న అతడు వెంటనే ఎన్‌హెచ్‌ఎల్‌కు రాలేదు. మినెసోటా విశ్వవిద్యాలయంలో ఒక ఏడాది ఆడి 39 ఆటల్లో 60 పాయింట్లు చేశాడు. ఆ తర్వాతే వచ్చి మొదటి సీజన్‌లో 44 పాయింట్లు, జట్టు యూటాకు తరలిపోయాక 2024-25లో 75 ఆటల్లో 65 పాయింట్లు చేశాడు. అదే సీజన్‌లో స్లఫ్‌కోవ్‌స్కీ 79 ఆటల్లో 51, రైట్ 79 ఆటల్లో 44. మాంట్రియల్ తనకు లేని సెంటర్‌ను ఇక్కడ వదులుకుందన్నది కాదనలేని సంగతి. అయినా 2022 జూలైలో నేను ఆ కుర్చీలో కూర్చుని ఉంటే లోగన్‌ను తీసుకునేవాడినని మాత్రం చెప్పలేను. అప్పటికి అతడు ఆడింది ప్రధానంగా అమెరికా అండర్-18 జట్టుకు. ఈ ముగ్గురిలో పెద్దల మధ్య ఆటను అంత సుదీర్ఘంగా చూపించి ఉన్నది స్లఫ్‌కోవ్‌స్కీ ఒక్కడే. మూడేళ్ల తర్వాతి అంకెలు చేతిలో పెట్టుకుని ఆ రోజు నిర్ణయాన్ని తప్పుపట్టడం తేలిక. తీర్పు మాత్రం ఆ రోజు బల్ల మీద ఉన్న సమాచారం మీదనే చెప్పాలి.

నేను అసలు తప్పు అంటున్నది ఇది. 2022 అక్టోబరులో, పద్దెనిమిదిన్నరేళ్ల స్లఫ్‌కోవ్‌స్కీని నేరుగా ఎన్‌హెచ్‌ఎల్ జట్టులో ఉంచారు. ఇక్కడ ఒక నిబంధన తెలుసుకోవాలి. కెనడా జూనియర్ లీగ్‌ల నుంచి ఎంపికైన పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడకపోతే అప్పట్లో తిరిగి జూనియర్‌కే వెళ్లాల్సి ఉండేది, మధ్యస్థాయి అయిన అమెరికన్ హాకీ లీగ్‌లో పూర్తిగా ఆడడానికి వీలుండేది కాదు. యూరప్ జట్టు నుంచి ఎంపికైనవాడికి ఆ అడ్డు ఉండేది కాదు. రైట్ విషయంలో సియాటిల్‌కు లేని మార్గం, స్లఫ్‌కోవ్‌స్కీ విషయంలో మాంట్రియల్‌కు ఉంది. పైగా వారి అనుబంధ జట్టు ఉన్నది ఎక్కడో కాదు, నగరానికి ఆనుకుని ఉత్తరాన ఉన్న లవాల్‌లో. అక్కడ ఇరవై నిమిషాలు ఆడుతూ, తప్పులు చేస్తూ, మొదటి పవర్ ప్లేలో నిలబడుతూ ఒక సీజన్ గడిపి ఉంటే, చిన్న రింక్‌లో తల ఎత్తి ఆడడం నెమ్మదిగా అలవడేది. బదులుగా తక్కువ నిమిషాలు, కిందివరుసల్లో ఆట, మధ్య రింక్‌లో గట్టి ఢీలు. 39 ఆటల్లో పది పాయింట్లు, జనవరిలో మోకాలి గాయంతో సీజన్ సమాప్తం. కోచ్ మార్టిన్ సాన్ లూయీ ఆ కుర్రాడితో ఓపికగా పనిచేశారని నేను ఒప్పుకుంటాను, ఆయన ప్రతి ఆటకూ తోడుండడం కూడా ఒక శిక్షణే. కానీ ఆ మొదటి ఏడాది అంకెలే అభిమానుల మనసులో అతడి మీద ముద్ర వేశాయి. లవాల్‌లో ఉండి ఉంటే ఆ ముద్ర పడేది కాదు.

రైట్ మొదటి ఏడాది కూడా సాఫీగా సాగలేదని మరచిపోవద్దు. నాలుగో స్థానంలో సియాటిల్ తీసుకున్నాక, ఒకే సీజన్‌లో సియాటిల్, దాని అనుబంధ జట్టు కోచెల్లా వ్యాలీ, కెనడా జూనియర్ జాతీయ జట్టు, ఆ తర్వాత కింగ్‌స్టన్ తనను మార్పిడి చేసిన విండ్సర్ అంటూ తిరిగాడు. అయినా ఆ జాతీయ జట్టుకు కెప్టెన్‌గా ప్రపంచ జూనియర్ బంగారు పతకం అందుకున్నాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అతడి తొలి గోల్ 2022 డిసెంబరు 6న వచ్చింది, అదీ మాంట్రియల్ మీదనే. మరుసటి ఏడాది దాదాపు అంతా కోచెల్లా వ్యాలీలో నిలకడగా ఆడాకే 2024-25లో 19 గోల్స్ చేసే స్థాయికి వచ్చాడు. ఒకే చోట కుదురుగా ఆడిన ఏడాది అతడికి ఏం ఇచ్చిందో కనిపిస్తూనే ఉంది.

స్లఫ్‌కోవ్‌స్కీకి ఆ కుదురు 2023-24 మధ్యలో వచ్చింది. సుజుకి, కోల్ కాఫీల్డ్ ఉన్న వరుసలో అతణ్ని స్థిరంగా నిలబెట్టాక ఆట మారిపోయి, 82 ఆటల్లో 20 గోల్స్, మొత్తం 50 పాయింట్లతో సీజన్ ముగించాడు. 2024 జూలై 1న జట్టు అతడితో ఎనిమిదేళ్లకు 6.08 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. తమ ఎంపికను తామే నమ్ముతున్నామని జట్టు ఇంతకంటే గట్టిగా చెప్పే దారి లేదు. అదే 2022 డ్రాఫ్ట్‌లో 62వ స్థానంలో మాంట్రియల్ తీసుకున్న చిన్న శరీరపు డిఫెన్స్ ఆటగాడు లేన్ హట్సన్, 2024-25లో 66 పాయింట్లతో లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడి ట్రోఫీ గెలుచుకున్నాడు. ఆ జట్టు ఎత్తు, బరువు చూసి మోసపోయే జట్టని అనేవారికి ఈ ఒక్క పేరు చెప్పండి.

చివరిగా, కొత్తగా చూస్తున్నవారు ఇలాంటి కుర్రాళ్లను ఎలా అంచనా వేయాలని కూడా అడిగారు. ఈసారి మాంట్రియల్ ఆట పెట్టినప్పుడు, స్లఫ్‌కోవ్‌స్కీ రింక్‌లోకి దిగిన క్షణం నుంచి బెంచీకి తిరిగి వెళ్లే దాకా, అంటే సుమారు నలభై ఐదు సెకన్లు, పక్ ఎక్కడుందో పట్టించుకోకుండా అతణ్నే చూడండి. పక్ లేనప్పుడు గోల్ ముందు ఎవరికి అడ్డంగా నిలబడుతున్నాడు, పక్ పోగానే ఎన్ని అడుగుల్లో వెనక్కి తిరుగుతున్నాడు, బోర్డుల దగ్గర దాన్ని ఎంతసేపు నిలుపుతున్నాడు అన్నవి లెక్కపెట్టండి. పది షిఫ్టులు అలా చూశాక సియాటిల్ ఆట పెట్టి రైట్‌ను, యూటా ఆట పెట్టి లోగన్‌ను అలాగే చూడండి. ఆ తర్వాత మీ ముగ్గురూ మళ్లీ కూర్చుని మాట్లాడుకోండి. మీరు గమనించినవి ఇక్కడ రాస్తే, ఏ ఆటలో ఏం చూశారో దాన్ని బట్టి నేను తప్పకుండా జవాబిస్తాను.